గిన్నెలో నాలుగు గాజులు

సముద్రం మీద కొడుకు గుండె కొట్టుకుంటుంటే, విశాఖలో తల్లి చేతి గాజూ కొట్టుకుంటుంది. ఆ గాజును నౌకాదళమే ఇస్తుంది. శత్రువుల కంటపడకుండా ఓడ సంకేతాలు ఆపేస్తే గాజులూ ఆగిపోతాయి. అలాంటి రోజుల్లో ఒకే ఓడలో ఉన్న నలుగురు నావికుల తల్లులూ, వాళ్లలో ఒకరైన పైడమ్మ ఇంట్లోనే వండుకుని తింటారు.

ఈసారి గాజులు ఆగి మూడు రోజులైంది. చేపలు తోమడానికి గాజులు తీసి స్టీలు గిన్నెలో వేశారు. ఉన్నట్టుండి గిన్నె గలగలలాడింది. పొలుసుల చేతులతోనే అందరూ ఎగబడ్డారు.

నాలుగూ ఒకేలా ఉన్నాయి.

"ఏది ఎవుడిదో తెలీట్లేదు ఒదినా!" అంది నూకరత్నం.

"నాలుగూ కొట్టుకుంటన్నాయి గదే, ఇంకేటి కావాల?" అంది పైడమ్మ.

చేతికందిన గాజు తీసుకుని, ఎవరి కొడుకో ఆ కొడుకు గుండెను చెంపకు ఆనించుకుంది.