దేవతల వాటా

కాకి ఇంకా రాలేదు.

ఆళ్లగడ్డ బట్టల వ్యాపారి తిమ్మయ్యశెట్టి పోయి ఆ రోజుకు పదకొండో రోజు. మిద్దె మీద విస్తరి పెట్టి గంటన్నరైంది. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. నాయనకు ఏ కోరిక మిగిలిపోయిందోనని కొడుకు జయప్రకాష్ ఒక్కొక్కటే మొక్కుకుంటున్నాడు. అమ్మను బాగా చూసుకుంటానన్నాడు, కొట్టు పేరు మార్చనన్నాడు. కాకులు ఎదురింటి పిట్టగోడ మీద కూర్చుని చోద్యం చూస్తున్నాయి తప్ప ఒక్కటీ కదల్లేదు.

అప్పుడే ఒక నడివయసు మనిషి మెట్లెక్కి వచ్చాడు. పేరు యోబు అన్నాడు. పేపర్లో శ్రద్ధాంజలి ఫోటో చూసి నంద్యాల నుంచి వచ్చానని చెప్పి, సంచిలోంచి సగం ఖాళీ అయిన స్కాచ్ సీసా తీసి విస్తరి పక్కన పెట్టాడు. పురోహితుడు గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

జయప్రకాష్‌కు అది వేరే ఇంటికి చేరాల్సిన సీసా అనిపించింది. దగ్గుమందులో సారా వాసన వస్తోందని సీసా మొత్తం తూములో ఒంపేసిన మనిషి తన తండ్రి.

"ఇల్లు తప్పినావప్పా," అన్నాడు.

"లేదన్నా. నేను లాడ్జిలో పనిచేస్తాండా. శెట్టిగారు ఇరవై ఏండ్లుగా మా కాడికి వచ్చేటోడు. ఇది ఆయన మిగిల్చిందే."

ఎవరూ అడక్కుండానే యోబు చెప్పుకుపోయాడు. స్కాట్లాండులో కాచి, అక్కడే ఓక్ చెక్క పీపాలో కనీసం మూడేళ్లు మగ్గితేనే దాన్ని స్కాచ్ అనాలట. సీసాలోకి దిగాక ఎన్నేళ్లు దాచినా దాని వయసు పెరగదట. పీపాలో ఉండగా ఏటా కాస్త ఆవిరైపోతుందట, దాన్ని అక్కడివాళ్లు దేవతల వాటా అంటారట. ఇవన్నీ తనకు నేర్పింది శెట్టిగారే. ఐసు వద్దు, సోడా వద్దు. రెండు చుక్కల నీళ్లు వేసి, వాసన చూసి, నాలుక మీద కాసేపు నిలిపి మింగడం ఆయన పద్ధతి.

"నెలకు ఒకటే పెగ్గన్నా. గ్లాసులు మాత్రం రెండు అడిగేటోడు."

"రెండోది ఎవురికి?"

యోబు ఇబ్బందిగా గొంతు తగ్గించాడు. శెట్టిగారు తలుపు దగ్గరే ట్రే అందుకునేవాడట, తనెప్పుడూ గది లోపలికి పోలేదట. గడప బయట మాత్రం ఎప్పుడూ ఒక జత ఆడమనిషి చెప్పులు ఉండేవట.

జయప్రకాష్‌కు లెక్క కుదిరిపోయింది. నెలనెలా స్వాతి నక్షత్రం రోజు అమ్మ ఉపవాసముండి అహోబిలం బస్సెక్కేది. సరిగ్గా ఆ రోజే నాయన సరుకు కోసమని నంద్యాల పోయేవాడు. ఎంత మోసం! ఇది వింటే అమ్మ ఈ పూటే కుప్పకూలిపోతుందని భయం వేసి, గోడకానుకుని కూర్చున్న తల్లి రాజేశ్వరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

యోబు సంచిలోంచి రెండు గ్లాసులు తీసి, అలవాటు చొప్పున వాటిలో పోసి, రెండింట్లోనూ చెరి రెండు చుక్కల నీళ్లు వేశాడు. ఒకటి విస్తరి ముందు పెట్టి పక్కకు జరిగాడో లేదో, ఎదురింటి గోడ మీది కాకి ఒకటి ఎగిరొచ్చి అన్నంలో ముక్కు పెట్టింది.

అందరూ అమ్మయ్య అనుకున్నారు. జయప్రకాష్‌కు మాత్రం ఊరట కలగలేదు. అయితే అంతా నిజమే. రెండో గ్లాసు యోబు చేతిలోంచి లాక్కుని పిట్టగోడ దగ్గరికి పోయాడు.

"దానిది నా మిద్దె మీద ఉండకూడదు."

గ్లాసు వంచబోతుంటే వెనక నుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. తిరిగి చూస్తే రాజేశ్వరమ్మ.

"పారబోయొద్దురా, అది నాది."