నిప్పుకి మచ్చిక

ఎలుగుబంటి గుహలో దొరికిన ఆరేళ్ల ఆడగుంటని చూసి, అడవి కొలతకొచ్చిన తెల్లదొర అది మనిషి కాదన్నాడు. పొయ్యి రాజేస్తే చాలు, అది బెదిరి పరిగెత్తేది.

పిల్లల్లేని సోములమ్మ వినలేదు. మూడు చలికాలాలు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరచేతులు మంటకేసి చాపించింది. నాలుగో ఏడు గుంట తనే వచ్చి చేతులు కాచుకుంది.

"మనిసే. సూడండి," అని సోములమ్మ ఊరందరికీ చూపించింది.

ఆ వేసవిలో పోడు కోసం కొండ తగలబెట్టారు. గాలి తిరిగింది. కుందేళ్లు, పందులు, పాములు ఊరి మీదుగా పారిపోయాయి. దుంపలకని కొండ మీదికెళ్లిన గుంట రాలేదు.

"అడివిలో పెరిగింది. అన్నిటికన్నా ముందే పారిపోయుంటాది," అన్నాడు సోములమ్మ మొగుడు బుధు.

సాయంత్రం బూడిదలో దొరికింది. మంట వచ్చిన వైపే తిరిగి, అరచేతులు చాపి కూర్చునుంది.