పల్లాలు వేసిన తలుపు

గోదారి మూడోసారి లంకను ముంచిన ఏడాది, జనం తమ స్మార్ట్ కళ్లజోళ్లలో దాచుకున్న ఫొటోలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వరద తీశాక ఇళ్లు పోసే యంత్రం వచ్చింది. పాత ఇంటి బొమ్మ చూపిస్తే అచ్చం అలాగే పోస్తుంది. లేకపోతే అందరికీ ఒకేలాంటి పెట్టె ఇల్లే.

"మా ఆయన చివరిదాకా కూర్చున్న అరుగు, ఇంక లేనట్టే" అని అచ్చియ్యమ్మ ఏడ్చింది.

పక్కింటి ముసలాయన పల్లాలు రోజుకో బొమ్మ వేసుకునే మనిషి. వరదలో నెత్తిన పెట్టుకొచ్చిన నీటిరంగుల పుస్తకం తెరిచి, ఆమె ఇల్లున్న పేజీ యంత్రం ముందు పెట్టాడు.

సాయంత్రానికి ఇల్లు లేచింది. అచ్చియ్యమ్మ అరుగు తడిమి చూసుకుంది.

"నీ చేతికి దణ్ణం బావా! అయినా మా తలుపు ఆకుపచ్చది కదా, నీలం ఏసేవేంటి?"

"బొమ్మేసిన రోజు నా దగ్గర ఆకుపచ్చ రంగు అయిపోయింది."

"పిసినారోడా!" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మర్నాడు పొద్దున్నే పల్లాలు ఆకుపచ్చ రంగు డబ్బాతో ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.