ఎండిన బోరులో తాడు

ఎండిపోయిన బోరులో మళ్ళీ నీళ్ళు ఊరాయేమోనని కెంచార్లహళ్ళి రామప్పకు నిద్ర పట్టలేదు. టమాటా తోట వాడిపోతోంది. అర్ధరాత్రి లేచి బోరు దగ్గరికి బయలుదేరాడు. బెంగళూరులో భూగర్భశాస్త్రం చదివే కూతురు సహన టార్చి పట్టుకుని వెంట వచ్చింది.

రాయి కట్టిన నైలాను తాడును రామప్ప గొట్టంలోకి వదిలాడు. పన్నెండు వందల అడుగుల దగ్గర రాయి అడుగుకు తగిలి తాడు వదులైంది. నీళ్ళ చప్పుడు లేదు. కొసను చేతికి చుట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"దీని కింద ఏముండాది సహనా?"

"బండే అప్పా. వెయ్యి మైళ్ళ లోతులో, ఎప్పుడో మునిగిపోయిన సముద్రం అడుగు ఉండాదంట. కోట్ల ఏండ్లుగా ఇంకా దిగతానే ఉండాది."

"ఎంత జోరుగా?"

"గోరు పెరిగినంత మెల్లగా."

కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. గొట్టం అంచు మీద ఏదో సన్నగా కిర్రుమంది. సహన టార్చి వేసి చూసింది. ఇందాక వదులుగా పడున్న తాడు బిగిసి ఉంది. మెల్లగా లోపలికి జారుతోంది.

"గోరు పెరిగినంతే అంటివి గదమ్మా," అన్నాడు రామప్ప.

 సహన టార్చి కింద పడేసి, ఆయన చేతికి చుట్టుకున్న తాడును రెండు చేతులతో విప్పుతోంది.