కాజీపేట లైను

మూడేళ్ల తర్వాత తండ్రితో మాట్లాడటానికి ఇమామ్ సికింద్రాబాద్‌లో టెలిఫోన్ ఆఫీసు మెట్లెక్కాడు.

హైదరాబాద్ మీద పోలీసు యాక్షన్ ముగిసి రెండు వారాలైంది. తెగిన తీగలు కలిపారని విని, కాజీపేట పోస్టాఫీసుకు పది గంటలకు రమ్మని తండ్రికి ముందే టెలిగ్రాం ఇచ్చాడు.

తండ్రి పీర్ మహమ్మద్ అక్కడి రైలు షెడ్డులో ఫిట్టర్. కొడుకు తనకు చెప్పకుండా నిఖా చేసుకున్నాడని మాట మానేసిన మనిషి.

ఈ రోజుల్లో ఆయనను ఒంటరిగా వదలకూడదు, తానుండే మౌలాలికి తెచ్చుకోవాలి. ఇమామ్ అడగాల్సింది అదొక్కటే. కానీ మూడేళ్ల కోపం దానికంటే ముందు వరసలో నిలబడింది.

రిసీవర్ ఎత్తాడు.

"అబ్బా?"

"నేను ఆపరేటర్‌ని," అంది ఒక ఆడగొంతు. "లైను బాగలేదు. ఆయన మాట నాకొస్తుంది, మీకు రాదు. మీరు నాకు చెప్పుండ్రి, నేను ఆయనకు చెప్త."

ఇంటి గొడవ ముక్కూ మొహం తెలియని పిల్లతో చెప్పాలా? ఇమామ్‌కు ఒళ్లు మండింది. అయినా మొదలుపెట్టాడు.

"తుపాకులు పేలుతుంటే కొడుకు బతికిండా సచ్చిండా అని ఎందుకు అడగలేదో అడుగమ్మా. మనిషివా, రాయివా అని అడుగు."

జవాబు కోసం ఇమామ్ రిసీవర్ చెవికి నొక్కుకున్నాడు.

"ఏమన్నడు?"

"మీ కబురు లేక మస్తు పరేషాన్ అయిండంట."

అది తన తండ్రి మాటలా లేదు.

"నిజంగ అన్నడా?"

"గట్టిగనే అన్నడు. నా చెవులు గింగురుమన్నయి."

ఇమామ్ కొంచెం తగ్గాడు. పూర్తిగా కాదు.

"షంషున్నీసాను కోడలని ఒప్పుకుంటేనే రమ్మను. లేకుంటే అక్కడనే సావమను."

ఈసారి జవాబు ఇంకా ఆలస్యమైంది.

"కోడలి చేతి చాయ్ సంగతి అడుగుతున్నడు," అంది.

ఇమామ్ రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"రమ్మనమ్మా. ఒక్కటే మాట. వచ్చి నాతోని ఉండమను."

"ఇది చెప్త," అంది ఆ పిల్ల వెంటనే.

బయటికొచ్చాక ఉక్రోషం మళ్లీ పొంగింది. మూడేళ్లకు ఫోను చేస్తే తండ్రి గొంతే వినలేదాయె. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, కౌంటర్లో ఫిర్యాదు పుస్తకం అడిగి రాశాడు: 'ఆపరేటర్ ఒక్క ముక్క వినిపించలేదు. తండ్రీకొడుకుల మధ్య దూరింది.'

శుక్రవారం బండికి పీర్ మహమ్మద్ దిగాడు. కోడలు పెట్టిన చాయ్ రెండు కప్పులు తాగాడు.

"నీకు ఇంత ఓపిక ఎప్పుడొచ్చిందిరా?" అన్నాడు కొడుకుతో.

"నీకుసుత వచ్చింది కదా అబ్బా."

ఆ రోజు ఫోనులో తానేమన్నాడో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

నెల తర్వాత, షంషున్నీసా చేసిన సేమియా డబ్బా పట్టుకుని ఇద్దరూ టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లారు. ఫిర్యాదు కొట్టేయించాలి, ఆ పిల్లకు షుక్రియా చెప్పాలి.

"మేబెల్‌నా?" అన్నాడు కౌంటర్ గుమాస్తా ప్రభుదాస్. "కొలువు పోయింది. బొంబాయి బండెక్కింది. పత్తా సుత ఇయ్యలేదు."

"ఎందుకు తీసేసిండ్రు?"

"మీ ఫిర్యాదుకు జవాబియ్యమంటే, లైను బాగలేదన్నది. అబద్ధమని తేలింది."

"అబద్ధమేంది? లైను నిజంగనే బాగలేకుండె," అన్నాడు ఇమామ్.

ప్రభుదాస్ రిజిస్టరు ఇటు తిప్పాడు.

"ఆ పొద్దు కాజీపేట లైను పక్క గదిల మాట్లాడినట్టు సాఫ్ ఉండె. మీ ఇద్దర్ని ఆమె కలుపనే లేదు."

తండ్రి కొడుకు వైపు చూశాడు. కొడుకు తన చేతిలోని డబ్బా వైపు చూశాడు.

ఆ రోజు ఇద్దరి తిట్లూ విన్నది ఆ పిల్ల ఒక్కతే.