లెక్కలోంచి తీసేసిన పిల్ల

“నువ్వు మెక్సికో వెళ్ళిపోయావు కదా?”

నోరు జారాక లొరెట్టా నాలిక కరుచుకుంది. ఎదురుగా నిలబడ్డ నయేలీ ముందు తెల్లబోయి, తర్వాత నవ్వేసింది.

“నేనా, మిస్? ఎవరు పుట్టించారండీ ఈ మాట? ఈ ఊళ్ళోనే ఉన్నాను. కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నా. మీరు రోజూ ఆ గేటు ముందునుంచేగా కారులో పోతారు. ఓసారి చెయ్యి కూడా ఊపాను, మీరు చూడలేదు.”

చూసింది. చూసి మొహం తిప్పుకుంది. ఆ సంగతి గుర్తొచ్చి లొరెట్టా చెవులు వేడెక్కాయి. టెక్సస్‌లోని ఆ చిన్న ఊరి హైస్కూల్లో ఆమె కౌన్సెలర్. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది ఆమే.

“మళ్ళీ చేరదామని వచ్చాను, మిస్,” అంది నయేలీ. “ఒక్క ఏడాది చదువే కదా మిగిలింది. నాన్న నడుం బాగుపడింది, లేచి తిరుగుతున్నాడు. నేను డ్యూటీ సాయంత్రానికి మార్పించుకున్నాను. స్కూలు సర్టిఫికెట్ లేకపోతే నర్సు ట్రైనింగుకి రానివ్వరట. బతుకంతా కోడి రెక్కలు కోస్తూ కూర్చోలేను.”

వేళ్ళకి ప్లాస్టర్లు వేసి ఉన్నాయి. ఆ చేతుల్తోనే రేకు కాగితంలో చుట్టిన మొక్కజొన్న రొట్టెల పొట్లం ఒకటి బల్లమీద పెట్టింది. “గోర్దితలు. మీకిష్టమని చెబితే అమ్మ పొద్దున్నే చేసి పంపింది. వేడిగా ఉండగానే తినండి.”

“కూర్చో అమ్మా, ఇప్పుడే వస్తా,” అని లొరెట్టా లేచి గబగబా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

“సార్, ఆ పిల్ల వచ్చింది.”

“ఏ పిల్ల?” అన్నాడు హాస్కెల్, కాఫీ తాగుతూ.

“మనం మెక్సికో పంపిన పిల్ల.”

కప్పు కింద పెట్టాడు. “వాళ్ళల్లో ఏ పిల్ల?”

“నయేలీ. ఊరు వదిలి ఎక్కడికీ పోలేదట. మళ్ళీ చదువుకుంటానంటోంది.”

“ఇప్పుడా? ఈ ఏటి లెక్క ఇంకా పైకి పోనేలేదు. చేర్చుకున్నామా, మళ్ళీ వచ్చి లెక్కలో కూర్చుంటుంది.”

ఆ లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ళలో ఎంతమంది నాలుగేళ్ళకి పాసై బయటపడ్డారన్నదే స్కూలు పరువు, ప్రభుత్వం స్కూలుకిచ్చే గ్రేడూ దాన్నిబట్టే. మధ్యలో చదువు మానేసిన ప్రతి పిల్లా ఆ శాతాన్ని కిందికి లాగుతుంది. దేశమే వదిలిపోయిందంటే మాత్రం ఆ పిల్ల అసలు చేరనే లేదన్నట్టు లెక్కలోంచి కొట్టేస్తారు, శాతానికి ఏ దెబ్బా తగలదు. పోయినేడు తండ్రి మంచాన పడి నయేలీ బడి మానేస్తే, ఇంటికి ఒక్క ఫోనైనా చెయ్యకుండా ‘స్వదేశం వెళ్ళిపోయింది’ అని ఎక్కించేసింది లొరెట్టా. ఎక్కించమన్నది హాస్కెల్. ఎక్కించిన వేళ్ళు ఆమెవి.

“పిల్ల ఎదురుగా నిలబడింది సార్. తిండి కూడా తెచ్చింది నాకోసం. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

“నాకు మాత్రం లేదా సిగ్గు? పడదాం. గ్రేడు వచ్చాక తీరిగ్గా కూర్చుని ఇద్దరం పడదాం. ఈసారి ఒక్క పిల్ల తేడాతో గట్టెక్కుతున్నాం, లొరెట్టా. అది కాస్తా పోతే పేపర్లో వేస్తారు. ముందు నన్ను పీకుతారు, తర్వాత నిన్ను. వయసు దాటిపోయిందని చెప్పు.”

“దాటలేదు.”

“ఆ సంగతి ఆ పిల్లకి తెలుసా?”

ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకొకటి ఎవరిస్తారు? లొరెట్టా తనని తానే అసహ్యించుకుంటూ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

“వయసు నిబంధన ఒకటుందమ్మా. ఇక్కడ చేర్చుకోవడం కుదరదు,” అంది, పిల్ల మొహం చూడకుండా. “పక్క ఊళ్ళో పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసులు పెడతారు. అక్కడ చదివి పరీక్ష రాసుకో.”

“సాయంత్రం నాకు డ్యూటీ కదా, మిస్.”

“ఏదో ఒకటి చూసుకోవాలి మరి.”

నయేలీ వాదించలేదు. వాదిస్తే బావుండుననిపించింది లొరెట్టాకి, నాలుగు తిట్టినా బావుండుననిపించింది. ఆ పిల్ల ప్లాస్టర్లు వేసిన వేళ్ళవైపు చూసుకుని, మెల్లగా లేచింది.

“మీరు చెప్పారంటే అంతే అయ్యుంటుందిలెండి. ఈ స్కూల్లో నా మంచి కోరింది మీరొక్కరే.”

లొరెట్టాకి తల కొట్టేసినట్టయింది. పొట్లం తిరిగి ఇచ్చేద్దామనుకుంది, చెయ్యి రాలేదు. “ఇంకేదైనా సాయం కావాలంటే అడుగమ్మా. నా చేతిలో ఉన్నదైతే తప్పకుండా చేస్తాను,” అంది.

గుమ్మం దాకా వెళ్ళిన నయేలీ ఆగి వెనక్కి తిరిగింది. మొహం కాస్త తేటపడింది.

“అయితే ఒక్కటి, మిస్. ఈ దేశంలో ఉండనివ్వమని వేసిన మా కాగితాల కేసు వచ్చే వారం జడ్జి ముందుకొస్తోంది. మీ దగ్గర్నుంచి నా రికార్డు తెప్పించుకోమని లాయరుకి చెప్పేశాను. చిన్నప్పుడు వచ్చింది మొదలు నేను ఈ దేశం దాటి ఎక్కడికీ వెళ్ళలేదని అందులో ఉంటే చాలట, ఇక నన్నెవరూ మెక్సికో పంపలేరట.”