పార్కు గేటు కాడి మిషన్

మూసేసిన బొగ్గుబాయి మీద పార్కు కట్టారు. ఎవరడిగారు? దాని గోడతో కార్మికుల కాలనీ అడ్డదారి మూసుకుపోయింది. పొద్దుగూకితే ఆడవాళ్లు దీపాల్లేని రోడ్డు వెంట చుట్టూ తిరిగి రావాలి. గోడలో దారి తెరవమని కాలనీలో ఉండే సారక్క బొగ్గు కంపెనీ ఆఫీసుకు తిరిగి తిరిగి చెప్పులరగదీసింది.

"పార్కు మస్తు నడుస్తుందక్కా," అన్నాడు ఆఫీసరు. "గేటుకు మనుషుల్ని లెక్కగట్టే మిషన్ పెట్టినం. రాత్రిపూటనే ఎక్కువ వస్తున్నరు. గోడెందుకు కూలగొడతం?"

"రాత్రి గేటుకు తాళముంటది. ఎవలొస్తున్నరు సారూ, మీ అయ్యనా?"

ఆ రాత్రే వాచ్‌మన్ మోయిజ్ పక్కన, తాళమేసిన గేటు ముందు కూర్చుంది సారక్క. ఒకప్పుడు రాత్రి షిఫ్టు బాయిలో దిగే వేళకు మిషన్ టిక్కుమంది. తాళం కదలలేదు. మళ్లీ టిక్కుమంది. మనుషులు వరుసగా నడిచినట్టు ఆగి ఆగి మోగుతూనే ఉంది. తడి బొగ్గు వాసనేసింది.

"రోజూ గింతేనా, మోయిజ్ భాయ్?"

"గింతే చెల్లే. లోపలికి పోయినట్టే పడతది. బయటికొచ్చినట్టు ఒక్కపారి పడలే."

పైకప్పు కూలినప్పుడు ఆ బాయిలోనే ఉండిపోయినవాళ్లలో సారక్క భర్త ఒకడు. శవాలు తీయడం దండగని అలాగే మూసేశారు.

సారక్క లేచి గేటు పట్టుకుంది. "బతికున్నప్పుడు మిమ్ముల లెక్కజేయలే. గిప్పుడు మీ లెక్క జూపి మా దారి తెరుస్తలేరు. ఇనబడుతుందా?"

టిక్కులు ఆగిపోయాయి.

తర్వాత లోపలివైపు నుంచి, కాలనీ పక్క గోడ మీద, బొగ్గు తవ్వే సబ్బల్ దెబ్బ పడింది.